నోరు జారింది, మనసు బయటపడింది

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం అండీ. కూర్చోండి. వెనకాల ఫ్యాను కింద చోటుంది, నిలబడకండి.

నేను మొదలెట్టకముందే ఇవాళ్టి పాఠానికి ఉదాహరణ దొరికేసింది. నన్ను పరిచయం చేసిన పెద్దాయన మైకు పక్కన పెట్టి, అది ఆగిపోయిందనుకుని, ఆ కుర్రాడితో ఏమన్నారో మీరంతా విన్నారు. "ఈవిడ మొదలెడితే ఒక పట్టాన ఆపరు, టీలు ముందే ఇచ్చెయ్యండి." అంతకు రెండు నిమిషాల ముందు ఇదే మైకులో "మేడంగారు ఎంతసేపు మాట్లాడినా ఇంకా వినాలనిపిస్తుంది" అన్నారు. (నవ్వులు) నొచ్చుకోకండి మాస్టారూ, రెండు మాటల్లోనూ నిజం ఉంది. టీ కూడా బావుంది.

నాకు కావలసింది ఈ జరిగినదానికి తెలుగులో పేరు. ఏమంటాం? నోరు జారారు అంటామా? ఆయన నోరేం జారలేదు. అనదలచుకున్నదే అన్నారు, మన చెవిన పడకూడదనుకున్నారు, అంతే. దీన్ని "బయటపడిపోవడం" అంటాం. నోరు జారడం వేరు. అక్కడ మనిషి ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చేస్తుంది. మాట తూలడం అంటే ఎదుటివాళ్ల మర్యాద చూడకుండా అనడం. నోరు పారేసుకోవడం అంటే కోపంలో తెలిసి తెలిసి అనడం. పేరో తేదీయో తప్పు చెబితే పొరపాటు దొర్లింది అంటాం. పిల్లలకి క్లాసులో చెప్పేదాన్ని, వీటన్నిటినీ ఒకే గంపలో పడెయ్యకండర్రా అని. పేపరువాళ్లు పడేస్తున్నారనుకోండి. ఎవరేమన్నా నోరు జారాడనే రాస్తారు. తిట్టినవాడూ జారాడు, తూలినవాడూ జారాడు. పాపం నోరు!

ఇందులో నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. నోరు మనదైతే "నోరు జారింది" అంటాం. జారింది నోరు, నాకేం తెలియదు. అదే పక్కింటాయనదైతే "ఆయన నోరు జారారు" అంటాం. అక్కడ నోటిని వదిలేసి మనిషిని పట్టుకుంటాం. ఇవాళ ఇంటికెళ్లి గమనించండి. "అన్నాను" అంటే నేనే అన్నాను. "అనేశాను" అంటే కొంచెం నా చెయ్యి దాటిపోయింది. "నోట్లోంచి వచ్చేసిందండీ" అన్నామంటే అసలు నేనక్కడ లేనే లేను. బస్సు వచ్చేసినట్టు మాట దానంతటది వచ్చేసింది. తప్పు ఎంత పెద్దదైతే ఆ వాక్యంలోంచి మనం అంత దూరం జరుగుతాం.

ఇక "బయటపడటం" చూడండి. "గండం నుంచి బయటపడ్డాడు" అంటే హమ్మయ్య. "వాడి సంగతి బయటపడింది" అంటే అయ్యో. ఒకే మాట! ఇదేం చోద్యం అని చాలా ఏళ్లు అనుకున్నాను. మా క్లాసులో ఒక కుర్రాడు మూడు రోజులు జ్వరమని లీవు లెటరు రాసిచ్చాడు, కింద వాళ్ల నాన్నగారి సంతకంతో. నేను హాజరు వేసుకుంటుంటే పక్కవాడితో గుసగుసగా మొదలెట్టి, హుషారులో గొంతు పెంచేశాడు. "అంతర్వేది తీర్థంలో జీళ్లు ఎంత బావున్నాయిరా!" క్లాసంతా నిశ్శబ్దం. వాడు నాలుక కరుచుకున్నాడు. మొహం తెల్లబోయింది. నేనేమీ అనలేదు, చూస్తూ ఊరుకున్నాను. ఒక నిమిషం అయ్యాక వాడే లేచి వచ్చి, సంచిలోంచి పొట్లం తీసి బల్లమీద పెట్టి, "మీక్కూడా తెచ్చాను మేడం, ఎలా ఇవ్వాలో తెలియక ఊరుకున్నాను" అన్నాడు. అప్పుడు వాడి మొహం చూడాలి మీరు. బరువు దింపేసిన మొహం. బయటపడ్డాడు వాడు, రెండు అర్థాల్లోనూ. జీళ్లు తీసుకున్నానా అంటారా? తీసుకున్నాను. నువ్వులవి.

మన వాళ్లు రహస్యాన్ని దాచేది మనసులో కాదు, కడుపులో. "కడుపులో పెట్టుకో, ఎవరితోనూ అనకు" అంటాం. అరగకపోతే కక్కేస్తాడు. పోలీసులైతే కక్కిస్తారు. చెప్పకుండా ఉండలేనివాడికి కడుపుబ్బరం. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అని సామెత, అంటే ఇంటి గుట్టు నువ్వే రట్టు చేస్తే ఆ సిగ్గు నీకే అని. ఈ కడుపు లెక్కకి తోడు మనకి ఇక్కడ నీళ్ల లెక్క కూడా ఉంది.

ఏటిగట్టు పక్కన పుట్టినవాళ్లకి నేను చెప్పేదేముంది! గట్టు ఒక్కసారిగా తెగదు. ముందు ఊట. అవతల చేలో మట్టి చెమ్మగా అవుతుంది, అంతే. తర్వాత బుంగ. ఎండ్రకాయ బొక్కో, ఎలక కన్నమో నీటికి దారిస్తుంది. ఆ తర్వాత గండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు, లాంతర్లు పట్టుకుని గట్టు మీద తిరిగినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. వాళ్లు చూసింది ఏటి వైపు కాదు, ఇవతలి వాలు. ఎక్కడ చెమ్మ ఉందా అని. దాచిన మాట కూడా అంతే. ముందు మొహంలో చెమ్మ, తర్వాత మాటల్లో బుంగ, ఆఖరికి నోరు గండి. "బయటికి పొక్కింది" అంటాం చూశారా, పొక్కడమంటే ఆ మొదటి చిన్న ఉబ్బు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. అది గండి పడ్డాక మాట. గట్టు కాసేవాడికి కావలసింది చెమ్మ.

ఆ చెమ్మ చూడగలిగిన మనిషి మా అమ్మ. చదివింది మూడో తరగతి.

వరదల రోజులు. ఎర్రనీరు వచ్చి వారం అయింది. అంటే ఏం వచ్చినట్టు? (సభలోంచి: పులస!) అదే. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఇలస, ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస. పుస్తెలమ్మైనా తినమన్నారు కాబట్టి, తిన్నవాళ్లకి ఆ సంగతి దాచుకోవలసిన అవసరం ఉంటుంది. అప్పులవాళ్లుంటారు, చుట్టాలుంటారు. పొద్దున్నే పక్కింటావిడ మా అమ్మ దగ్గరికి వచ్చింది. "వదినా, మీ మట్టిదాక ఒకసారి ఇస్తావా?" అంది. "దేనికి వదినా?" అంటే "ఏం లేదు, వంకాయ పులుసు పెడదామని" అంది. అమ్మ ఇచ్చింది. ఆవిడ గడప దాటింది. దాటి, మళ్లీ వెనక్కి తిరిగి, "మీ పెరట్లో నాలుగు లేత బెండకాయలుంటే చూడు" అంది. అమ్మ పెరట్లోకి వెళ్లి కోసుకొచ్చి ఒళ్లో పోసింది. ఒక్క మాట అడగలేదు. ఆవిడ మెట్లు దిగుతుంటే మాత్రం చెప్పింది, "రేపు దాక తోమకుండా పంపించు వదినా, నేనే తోముకుంటాను."

ఈ కూర ఎరగని ఊరువాళ్లు ఎవరైనా ఉంటే చెబుతాను. పులస పులుసు మట్టిదాకలో కాస్తాం, అందులో బెండకాయలు వేస్తాం, ఇవాళ వండి రేపు తింటేనే రుచి. మర్నాడు దాక వచ్చింది, తోమకుండానే. అడుగున చిక్కటి పులుసు, రెండు ముక్కలు. ఆవిడ నోరు జారలేదు, గమనించారా. ఎక్కడా పులస అనలేదు. బెండకాయ అంది. అమ్మ కూడా పులస అనలేదు. దాక అంది. మన గోదావరి జిల్లాల వెటకారం అంటారే, అది నోటి గొప్ప అనుకుంటారు జనం. నన్నడిగితే ముందు అది చెవి గొప్ప.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదీ ఇదే. జారేది నోరే, కానీ మన భాషలో పట్టుకునేవాడి మాటలే ఎక్కువ. మాట పట్టేశాడు, ఆరా తీశాడు, కూపీ లాగాడు, పసిగట్టాడు, మాటల్లో పెట్టి రాబట్టాడు, తీగ లాగితే డొంకంతా కదిలింది. గుమ్మడికాయల దొంగ కథ తీసుకోండి. బూడిద గుమ్మడికాయ మోసినవాడి భుజానికి తెల్లటి పొడి అంటుకుంటుంది. "గుమ్మడికాయల దొంగ భుజం మీద బూడిద ఉందర్రోయ్" అని ఒకడు అన్నాడు. అసలువాడు భుజం తడుముకున్నాడు. ఇందులో దొంగ నోరు విప్పనే లేదు. సామెతలో మనం దొంగని తలుచుకుంటాం కానీ, నాకు ఆ అన్నవాడంటే గౌరవం. ఎవడో గానీ మంచి పోలీసు అయ్యుండేవాడు.

పట్టుకునే ఈ విద్యకి పాతపేరు ఇంగితం. ఇవాళ మనం "వాడికి ఇంగితజ్ఞానం లేదు" అంటే బొత్తిగా తెలివిలేదని అర్థం. అసలు అర్థం అది కాదు. ఇంగితమంటే లోపలి అభిప్రాయం తెలియజేసే చేష్ట. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మంత్రాలోచన గురించి చెబుతూ, మామూలు తీరుకి భిన్నంగా ప్రవర్తించడం ఇంగితమనీ, మొహంలో వచ్చే మార్పు ఆకారమనీ విడదీశాడు. రహస్యం వేటి వల్ల పొక్కుతుందో కూడా చెప్పాడు. ఏమరుపాటు, తాగిన మత్తు, నిద్రలో కలవరింత, కామం. అక్కడితో ఊరుకోలేదు. మంతనాలాడే చోటు పక్షులు కూడా చూడలేనట్టుండాలి, చిలకలూ గోరువంకలూ రహస్యం బయటపెట్టిన సంగతులు విన్నాం అన్నాడు. మాట్లాడటం నేర్చిన పిట్ట విన్నదల్లా మళ్లీ అనేస్తుంది కదా! ఇప్పుడు మన జేబుల్లో ఉన్నాయి ఆ చిలకలు, రింగయ్యేవి. ఎదుటివాడి ఇంగితం కనిపెట్టగలగడం ఇంగితజ్ఞానం. ఆ లెక్కన మా అమ్మకి ఉన్నది అదే.

సరే, అసలు నోరు ఎందుకు జారుతుంది? ఇక్కడ కొంచెం దూరం వెళ్లాలి, వియన్నా దాకా. అక్కడ మెరింగర్ అని ఒక భాషా శాస్త్రవేత్త, మేయర్ అని ఒక వైద్యుడు కలిసి జనం మాటల్లో వచ్చే తప్పులన్నీ ఏరి 1895లో ఒక పుస్తకం వేశారు. వాళ్ల లెక్కలో ఇదంతా శబ్దాల గొడవ. ఒక అక్షరం తన వంతు రాకముందే తోసుకొస్తుంది. మనం "టిఫిన్ తాగి కాఫీ తిన్నారా" అంటాం చూడండి, అలాంటిది. తర్వాత 1901లో అదే ఊళ్లోని ఫ్రాయిడ్ దీన్ని తిరగేశాడు. శబ్దం కాదయ్యా, లోపల అణిచిపెట్టిన కోరిక తోస్తుంది అన్నాడు. ఆయన ఎత్తిచూపిన వాటిలో ప్రసిద్ధమైనది ఆస్ట్రియా చట్టసభ అధ్యక్షుడి ముచ్చట. సమావేశం మొదలుపెడుతూ "సభ ముగిసిందని ప్రకటిస్తున్నాను" అన్నాడట. ఆ సభ వల్ల ఆయన మంచేమీ ఆశించలేదు, ఎప్పుడు ముగుస్తుందా అని ఉంది లోపల. మన పంచాయతీ సమావేశాలు చూసినవాళ్లకి ఈ ఫ్రాయిడ్ సంగతి చప్పున అర్థమవుతుంది. ఆయన ఈ తప్పులకి జర్మన్‌లో ఒక మాట వాడాడు, ఫెల్‌లైస్టుంగ్ అని. చెయ్యబోయిన పని తప్పిపోవడమని దాని అర్థం. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లు గ్రీకు ముక్కలు అతికి పారాప్రాక్సిస్ అన్నారు. జనానికి అది నోరు తిరగలేదు, ఫ్రాయిడియన్ స్లిప్ అనుకున్నారు.

మెరింగర్ ఒప్పా, ఫ్రాయిడ్ ఒప్పా? దీనికి మన కాళిదాసు ఎప్పుడో ఉదాహరణ రాసిపెట్టాడు, ఇద్దరూ ఒప్పే అనిపించేలా.

విక్రమోర్వశీయంలో భరతముని స్వర్గంలో లక్ష్మీ స్వయంవరం నాటకం ఆడిస్తాడు. ఊర్వశి లక్ష్మి వేషం. వారుణి వేషంలో ఉన్న మేనక అడుగుతుంది, మూడు లోకాల వీరులూ వచ్చారు, కేశవుడూ వచ్చాడు, నీ మనసు ఎవరి మీద ఉంది అని. "పురుషోత్తముడి మీద" అనాలి. ఊర్వశి "పురూరవుడి మీద" అనేసింది. అప్పటికే ఆవిడ భూలోకంలో ఆ రాజుని చూసి మనసిచ్చేసి ఉంది. ఇక్కడ మెరింగర్‌ని పిలవండి. పురుషోత్తముడు, పురూరవుడు, రెండూ "పురు" తోనే మొదలు. నాలుక ఆ రెండక్షరాల మీద నడిచి పక్కదారి పట్టింది అంటాడు. ఫ్రాయిడ్‌ని పిలవండి. దారి చూపింది అక్షరాలే గానీ, తోసింది మనసు అంటాడు. ప్రేమించినవాడి పేరు ఏ విశ్వావసువో అయ్యుంటే ఊర్వశి ఆ డైలాగు తప్పేది కాదేమో! నోరు జారడానికి బురద ఉండాలి, వెనకనించి ఒక తోపూ ఉండాలి. భరతుడికి కోపం వచ్చింది, స్వర్గంలో నీకు చోటు లేదు పొమ్మన్నాడు. దర్శకుడు కదా, నటి ప్రేమతో ఆయనకేం పని, డైలాగు తప్పింది. ఇంద్రుడు మాత్రం సంగతి గ్రహించి, బిడ్డ మొహం రాజు చూసేదాకా వెళ్లి అతని దగ్గరే ఉండమన్నాడు. అంటే నోరు జారి శాపం తెచ్చుకుంది, అదే వరమైంది. తీర్థానికి వెళ్లొచ్చిన మా కుర్రాడి బాపతే.

ఒకరి పేరుకి బదులు ఇంకొకరి పేరు వచ్చేస్తే దానికి మన ఆలంకారికులు పెట్టిన పేరు గోత్రస్ఖలనం. గోత్రమంటే ఇక్కడ పేరు, స్ఖలనమంటే జారడం. పేరు జారడం! నాయకుడు భార్యని పిలవబోయి మరొకామె పేరు పిలుస్తాడు, ఆవిడ అలుగుతుంది. నాయకుడి సంగతి నాయిక ఊహించుకునే దారులు మూడని ధనంజయుడు దశరూపకంలో లెక్కేశాడు. నిద్రలో కలవరింత, ఒంటి మీద గుర్తులు, ఈ పేరు జారడం. కుమారసంభవంలో రతీదేవి బూడిదైపోయిన మన్మథుణ్ణి తలుచుకుని ఏడుస్తూ, నువ్వు పేరు మార్చి పిలిచినప్పుడు నా మొలనూలుతో కట్టేసేదాన్ని, అది గుర్తొచ్చి రాకుండా ఉన్నావా అంటుంది. అంత దుఃఖంలో ఆ సంగతి మరిచిపోలేదు చూడండి. భార్యలు మరిచిపోరు. (నవ్వులు) ఇక్కడ వెనక వరసలో ఇద్దరు మగవాళ్లు నవ్వలేదు, ఎవరని నేను చెప్పను. ఇంగితం.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి తేల్చాలి. ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారు, దానికి ధర్మరాజు శాపమంటారు. భారతంలో ఆ శాపం ఎందుకిచ్చాడు? కర్ణుడు నీ అన్న అని కుంతి యుద్ధం అయిపోయాక చెప్పినందుకు. అంటే కర్ణుడు పుట్టిన నాటి నుంచి చచ్చిపోయేదాకా ఆవిడ పాండవుల దగ్గర ఆ రహస్యం దాచింది! దాచినందుకు కోపమొచ్చి, దాచలేకపోవుగాక అని శపించాడు. నువ్వుగింజేమిటి, ఆవిడ నోట్లో కొండ నానింది. కాబట్టి ఆ సామెత ఎవరైనా ఎత్తితే మీరు కుంతి పేరు చెప్పండి.

ఇప్పటి కుర్రాళ్లకి నోటితో పనిలేదు, వేలు జారుతుంది. మా చుట్టాల పెళ్లికి రెండు వైపులవాళ్లకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఆడపెళ్లివారి పిన్నిగారు తన చెల్లెలికి పంపబోయి అందులో పంపించింది, "ఫోటోలో ఉన్నంత లేడే అబ్బాయి" అని. చూసుకుని వెంటనే తీసేసింది. 2017 నుంచి ఆ సదుపాయం ఇచ్చారు కదా, అందరి ఫోన్లలోంచీ తీసెయ్యొచ్చు. మాట పోయింది గానీ, మెసేజ్ తీసేశారన్న ముక్క అక్కడే మిగిలింది. భుజం మీద బూడిదలా. మగపెళ్లివారు ఊరుకుంటారా? "ఏదో పంపినట్టున్నారు వదినగారూ, ఏమిటది?" అని అబ్బాయి తల్లి అడిగింది. పిన్నిగారు, "ఏం లేదు వదినగారూ, ఫోటో సరిగ్గా లేదని" అంది. "ఎవరిది?" అంది అవతలావిడ. అంతే, ఆ సాయంత్రం దాకా గ్రూపులో ఒక్క గుడ్ ఈవెనింగ్ లేదు.

ఏదో అడుగుతున్నారు... గట్టిగా చెప్పమ్మా. (సభలోంచి ఒక విద్యార్థిని: మీరెప్పుడైనా నోరు జారారా మేడం?)

జారకుండా ఎలా ఉంటాను తల్లీ, నలభై ఏళ్లు నోటితోనే బతికాను. ఒక్కటి చెప్పి ఆపేస్తాను, లేకపోతే మాస్టారు అన్నది నిజమైపోతుంది. నాతో పనిచేసిన ఒకాయన రిటైరయ్యారు. ఇరవై ఏళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పుకున్నాం, అన్నేళ్లూ టైం టేబుల్ దగ్గర పోట్లాడుకున్నాం. మధ్యాహ్నం మొదటి పీరియడు, నిద్రొచ్చే పీరియడు, ప్రతి ఏడూ నాకే వచ్చేది. టైం టేబుల్ వేసేది ఆయన. వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. "మీరు లేని లోటు తీరనిది" అని రాసుకున్నాను, కాగితం చేతిలో ఉంది, చూస్తూ చదివాను. చదివింది మాత్రం "మీరు ఉన్న లోటు తీరనిది".

హాలంతా ఘొల్లుమంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన మాత్రం మెడలో దండ సర్దుకుని, నా చేతిలోంచి మైకు తీసుకుని అన్నారు కదా, "ఇరవై ఏళ్లకి తెలుగు మేడంగారు అచ్చ తెలుగులో మాట్లాడారు." లేని, ఉన్న, రెండూ చిన్నమాటలే, పక్కపక్కన ఉండేవే, శబ్దం తికమక అయిందండీ, మెరింగర్ అని ఒకాయన కూడా ఇదే చెప్పాడు అని ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పానో. ఆయన ప్రతిసారీ "ఆ మెరింగర్‌గారికి మధ్యాహ్నం మొదటి పీరియడు ఉండేదా?" అని అడుగుతారు.

అదిగో, మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు.